మొదటి రోజు పాఠం

పెళ్లికీ గృహప్రవేశానికీ ముహూర్తాలు పెట్టే సిద్ధాంతిగారు మా వీధిలోనే ఉన్నారు. పిల్లవాణ్ణి బళ్లో వేయాలన్నా ఆయనే పంచాంగం విప్పుతారు. కాని ఆ పిల్లవాడికి చదువు చెప్పవలసిన మనిషి మొట్టమొదట తరగతిలో అడుగుపెట్టే గడియ గురించి ఏ పంచాంగంలోనూ లేదు. పిల్లలకు అక్షరాభ్యాసం ఎంతో, పంతులుకు ఆ గడియ అంత అని నా ఉద్దేశం.

ఈ ప్రస్తావన ఎందుకంటే, మా అక్కయ్య కూతురికి సీతంపేట ఏజెన్సీలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగమయింది. చేరడానికి వారం ఉందనగా ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. దానినిండా సూత్రాలు. నిశ్శబ్దంగా కూర్చోవడం దగ్గర మొదలై, అనుమతి లేనిదే బయటికి పోరాదన్న దాకా పద్నాలుగు.

"ఎలా ఉంది మావయ్యా?" అంది.

"జైలు సూపరింటెండెంటుగారు చూస్తే ముచ్చటపడతారు" అన్నాను.

"కాలేజీలో పాఠాలు చెప్పే నీకు చిన్నపిల్లల అల్లరి ఏం తెలుసు?" అని మూతి ముడుచుకుంది.

నిజమే. నా దగ్గరికి పదహారు, పదిహేడేళ్ల వాళ్లు వస్తారు. వాళ్లు అల్లరి చేయరు సరికదా, నోరే విప్పరు. అదే నా దిగులు. ఒక కుర్రవాడు వ్యాసం రాస్తే తరగతిలో అందరికంటే బాగా రాసేవాడు. చదవమంటే మాత్రం తలవంచుకు నిలబడేవాడు. ఒకనాడు విడిగా పిలిచి అడిగాను. చిన్నప్పుడు బళ్లో చేరిన రోజున దాహమేసి, "నీల్లు" కావాలన్నాడట. తరగతి గొల్లుమందట. పంతులుగారూ నవ్వారట. "అప్పట్నుంచి చెయ్యెత్తలేదండీ" అన్నాడు. ఒక్క నవ్వు ఖరీదు పదేళ్ల మౌనం!

ఈ కథ విన్న తరువాత మా అమ్మాయి కాగితం తిరగేసింది. వెనకవైపు ఇద్దరం కలిసి వేరే పట్టిక రాశాం.

ఒకరోజు ముందుగా వెళ్లి గది చూసుకోవాలి. వెనకవరసలో పిల్లవాడి ఎత్తున కూర్చుని, నల్లబల్ల కనిపిస్తుందో లేదో తెలుసుకోవాలి. మంచినీళ్లు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, దాని తలుపుకు గడియ ఉందా లేదా చూడాలి. హాజరుపట్టీలోని పేర్లు ఆ పిల్లల ఇళ్లల్లో ఎలా పలుకుతారో ఊళ్లోవాళ్ల నోట విని నేర్చుకోవాలి. "మీ నాన్న ఏం చేస్తాడు?" అని నలుగురిలో అడగరాదు. నాన్న లేని పిల్లలుంటారు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. అక్కడి పిల్లల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది సవర. అది తెలుగుకు చెల్లెలు కాదు, ముండా కుటుంబానికి చెందిన వేరే భాష. బళ్లో వంటచేసే ఆవిణ్ణి అడిగి నీళ్లు, ఆకలి, నొప్పి, అమ్మ, బయటికి వెళ్లాలి అనే అయిదు మాటలైనా ముందు నేర్చుకోమన్నాను.

"మరి వాళ్లకు తెలుగు నేర్పేదెప్పుడు?" అంది.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సవరల దగ్గర శిష్యరికం చేసి వాళ్ల భాష నేర్చుకున్నారు. తరువాతనే సొంత ఖర్చుతో వాళ్లకు బళ్లు పెట్టారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం అచ్చయింది. వాడుకభాష కోసం పండితులతో పోరాడిన ఆ మహానుభావుడు, బడిపిల్లవాడి నోటిమాటకు గౌరవం ఇవ్వడం ఈ కొండలవాళ్ల మధ్యనే అలవరచుకున్నారేమో అనిపిస్తుంది నాకు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన పిల్లలకు సొంత భాషలో చదువు మొదలుపెట్టి, తెలుగులోకి మెల్లగా తీసుకువచ్చే పథకం ప్రారంభించినప్పుడు అందులో సవర కూడా ఉంది. మెట్టు ఎక్కాలంటే ముందు కాలు నేలమీద ఆనాలి గదా!

చేరిన రోజు సాయంత్రం ఫోను చేసింది. పాఠం సగమే అయిందట. ఇరవైరెండు మందిలో పందొమ్మిది మంది ఏదో ఒక మాట మాట్లాడారట. తను సవరలో "నీళ్లు" అన్న తీరుకు పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారట. ఈసారి నవ్వు పంతులమ్మ మీదికి వచ్చింది. ఎవరికీ నష్టం లేదు. మిగిలిన ముగ్గురి పేర్లూ పట్టీ చూడకుండా నాకు చెప్పింది.

తల్లిదండ్రులకు ఒక మనవి. బడి తెరిచిన రోజున పిల్లవాడు ఇంటికి రాగానే, "ఏం పాఠం చెప్పారు?" అని అడుగుతాం. పాఠానికి ఇంకా ఏడాదంతా ఉంది. "నువ్వేం మాట్లాడావు?" అని అడిగి చూడండి. జవాబు రాకపోతే మర్నాడు ఒక్క పది నిమిషాలు ముందుగా వెళ్లి, పంతులమ్మగారితో ఆ సంగతి మెల్లగా చెప్పిరండి.