‘సారీ’ అను రెండక్షరముల చాటున

మా తల్లిగారు 2009వ సంవత్సరం మాఘమాసంలో దేహం చాలించారు. అంతకు ముందు ఎనిమిది మాసములు ఆమె మంచం పట్టి ఉండగా, కోనసీమలోని మా స్వగ్రామంలో శుశ్రూష చేసినవారు అన్నయ్య, వదిన. హైదరాబాదులో ఉద్యోగం చేసుకొనుచున్న నేను ఆ ఎనిమిది మాసములలో వెళ్లినది రెండు పర్యాయములు మాత్రమే. కబురు అందిన రాత్రి బయలుదేరి, తెల్లవారుజామున గుమ్మంలో అన్నయ్యను పట్టుకొని నేను పలికినది ఒకే మాట: “సారీ అన్నయ్యా.”

అన్నయ్య నా వీపు నిమిరి, “ఊరుకోరా, పెద్దవయసు కదా, ఎంతకాలం బాధపడుతుంది” అన్నాడు. నేను ఊరుకొన్నాను. ఆ ఊరుకొనుటయందున్న దోషమే ఈ వ్యాసమునకు హేతువు.

ఆంగ్లభాషయందు ఈ పదమునకు వాడుకలు అనేకం. ఎదుటివారి మాట వినబడకున్నను ‘సారీ?’ అని అడుగుతారు. కోరినది ఇవ్వలేకపోయినను ‘సారీ’ అంటారు. దయనీయమైన స్థితిని వర్ణించుటకు ఇదే పదమును విశేషణంగా ప్రయోగిస్తారు. అయితే ప్రధానమైన అర్థములు రెండు. ‘మీ దుఃఖమునకు నాకు వ్యథ కలుగుచున్నది’ అనుట ఒకటి, ‘అపరాధం నాది’ అనుట రెండవది. ప్రాచీనాంగ్లంలో దీని రూపం ‘సారిగ్’. పుండును, నొప్పిని తెలుపు ‘సోర్’ అను పదమునకు ఇది సోదరి. శోకవాచకమైన ‘సారో’తో ధ్వనిసామ్యమే గాని జన్మసంబంధం లేదు. కాబట్టి మూలమందు ఇది కేవలం వేదనను తెలిపిన మాట. అపరాధాంగీకారం తరువాత వచ్చి చేరినది.

మన వాఙ్మయంలోని క్షమ వేరు. ‘క్షమ్’ ధాతువునకు సహించుట అని అర్థం. అమరకోశంలోని నానార్థవర్గం ‘క్షమా’ శబ్దమునకు భూమి అనియు, ఓర్పు అనియు రెండర్థములను చెప్పినది. ‘సారీ’ పలికేవాని నొప్పిని చెప్పును. ‘క్షమించు’ అనుమాట వినేవాడు మోయవలసిన బరువును చెప్పును. బరువు ఎంతో చెప్పకుండా మోయమనుట న్యాయమా?

మన భాషలో తప్పించుకొను మార్గములు లేవని నేననను. ‘పొరపాటు జరిగిపోయింది’ అంటాం. ఎవరు చేశారో వాక్యంలో ఉండదు. సభలలో ‘క్షంతవ్యుడను’ అంటాం. తవ్యప్రత్యయం వలన అది ‘క్షమింపదగినవాడను’ అని తీర్పు కూడా మనమే చెప్పుకొన్నట్లగును! పొరపాటున ఎవరికైనను కాలు తగిలితే మారుమాట లేకుండ వారిని తాకి కళ్లకద్దుకొను మన పల్లెటూరి అలవాటులో ఇంతకంటె నిజాయితీ గలదు.

నేను మాత్రం ‘సారీ’ చాటున నిలిచాను. అపరాధియై పలికితిని, పరామర్శగా స్వీకరింపబడితిని. సరిదిద్దుటకు ఒక వాక్యం చాలును, కాని ఆ వాక్యం సంవత్సరముల తరబడి రాలేదు. పైగా ఈ మధ్యకాలంలో వేదాంతగ్రంథములు చదివి, ‘కర్తను నేను కాను, అంతయు ఈశ్వరేచ్ఛ’ అని నాకు నేనే సమాధానం చెప్పుకొన్నాను. ఉద్యోగంలో పదోన్నతి వచ్చినపుడు ఆ కర్తృత్వమును నేను వదులుకొనలేదన్న సంగతి అపుడు స్ఫురించలేదు.

గీతలోని పదకొండవ అధ్యాయం పారాయణ చేయుచుండగా ఒకనాడు ఆగిపోయాను. విశ్వరూపమును చూచి వణకుచున్న అర్జునుడు ఊరక క్షమాపణ వేడడు. మిత్రుడవనుకొని కృష్ణా, యాదవా అని నోటికి వచ్చినట్లు పిలిచితిననియు, ఆటలోను, శయ్యపైనను, భోజనం చేయుచున్నపుడును పరిహాసమునకై అవమానించితిననియు, ఏకాంతంలోను, నలుగురి ఎదుటను కూడ అట్లు చేసితిననియు విప్పి చెప్పును. ప్రమాదం వలననో, ప్రణయం వలననో అని కారణం కూడ దాచడు. ఆ తరువాతనే, తండ్రి కుమారుని సహించినట్లు సహింపుమని కోరును. అంతటి భయంలో కూడ అతనికి ఆ వివరములన్నియు చెప్పవలెననిపించినది! నాకు పుస్తకం ముందుకు సాగలేదు.

గత సంవత్సరం అమ్మ ఆబ్దికమునకు వెళ్లాను. భోక్తలు వెళ్లిపోయి, సాయంకాలం అరుగుమీద అన్నదమ్ములం ఇద్దరమే ఉన్నాం. చెప్పాను.

“అన్నయ్యా, ఆ ఆశ్వయుజంలో అమ్మ నన్ను చూడాలంటోందని నువ్వు ఫోను చేశావు. సెలవు దొరకలేదన్నాను. అబద్ధం. సెలవు దొరికింది. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ ఇంటి స్థలం రిజిస్ట్రేషను పనిమీద తిరిగాను. తప్పు నాది.”

అన్నయ్య చాలాసేపు వీధివైపు చూస్తూ కూర్చున్నాడు. కొబ్బరిచెట్ల మీద వెలుగు పూర్తిగా పోయింది.

“నాకు తెలుసురా” అన్నాడు చివరకు. “ఆ వారంలోనే తెలిసింది. అమ్మకు మాత్రం చెప్పలేదు.”

క్షమించానని అనలేదు. నేను అడుగనూ లేదు. కొంతసేపటికి వదిన రెండు గ్లాసులతో పాలు తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టి, దీపం వేసి లోపలికి వెళ్లింది.