చేతిలో రెండే పనులు

జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్‌లో, కర్మాగారం షిఫ్టు చూసుకుని బతికే ఇళ్లల్లో ఇప్పుడు సాఫ్ట్‌వేర్ పిల్లలూ ఉన్నారు. అలాంటి ఓ ఇంటి గోడమీద పసుపు చీటీ: ‘చేస్తున్నవి’. దాని కింద రెండే పనులు.

రెండే ఎందుకు?

2004లో హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్ కోసం పనిచేసిన ఓ చిన్న బృందం దగ్గర 80కి పైగా పనులు పేరుకున్నాయి. ఒక్కోటి తేలడానికి దాదాపు 5 నెలలు. పాపం, సోమరితనం కాదు. వచ్చిన ప్రతి పనికీ ‘ఎన్నాళ్లు పడుతుంది’ అని లెక్కగట్టడంలోనే బోలెడు పొద్దు హరించుకుపోయేది. మైక్రోసాఫ్ట్‌లోని డ్రాగోస్ డుమిత్రియు, డేవిడ్ ఆండర్సన్ ఆ అంచనాలు మాన్పించారు. చేతిలోది అయ్యాకే కొత్తది. క్రమంగా 5 నెలలు రెండు వారాలయ్యాయి.

కాన్‌బాన్ అని పేరొచ్చిన ఈ పద్ధతికి మూలం టయోటా కార్ల కర్మాగారం, అక్కడి ఇంజినీరు టైచీ ఓనో ఆలోచన. 1912లో తొలి ఉక్కు పోసిన జంషెడ్‌పూర్‌లో పెరిగిన పిల్లలకు అది ఇట్టే పట్టుబడితే వింతేముంది?