మామ్మ ఉత్తరం

యాంగోన్‌లో మూడేళ్ళున్నా ష్వేడగాన్ పగోడా, బజార్లు తప్ప మేమేమీ చూడలేదు. 2019 సెలవుల్లో పిల్లలతో మౌల్మీన్ దగ్గర ఒక పల్లెకు వెళ్ళాము. రబ్బరు తోటలు, చెక్క ఇళ్ళు. బుగ్గలకు థనాకా పూసుకున్న మామ్మ ఒకరు "ఏ ఊరు నాయనా మీది?" అని తెలుగులో పలకరించేసరికి ఆశ్చర్యపోయాము!

కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చిన మనవాళ్ళను ఇక్కడ 'కోరంగీలు' అనేవారు. 1942లో జపాను దండయాత్రకు లక్షలాది భారతీయులు బర్మా విడిచారు. మామ్మ తండ్రి పొలం వదలలేక ఉండిపోయారట.

మామ్మకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. తండ్రికి శ్రీకాకుళం నుంచి వచ్చిన పాత ఉత్తరం పెట్టెలోంచి తీసిచ్చారు. మా అమ్మాయి కూడబలుక్కుని చదివింది: "చెల్లికి పెళ్ళి కుదిరింది. నువ్వెప్పుడొస్తావు?"

మామ్మ కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ చదవవే తల్లీ" అన్నారు.

తెలుగు బడికి రానని మారాం చేసే మా పిల్ల, ఆ ఆదివారం అందరికంటే ముందే తయారయింది.