గాలికీ గట్లే!

నేల పంచుకున్నారు, నీళ్ళు పంచుకున్నారు. ఇక మిగిలింది గాలే కదా అనుకుంటే, దానికీ గట్లు పోసి వేలం వేస్తున్నారండీ! రేడియో వినడానికే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టిన మా అమ్మల తరానికి ఇది వింత కాకపోవచ్చు. గొంతుకు కూడా హద్దులుంటాయన్నదే నాకు వింత.

మా సదుం, పుంగనూరు వైపు పల్లెల్లో మహాభారతం పెట్టారంటే పద్ధెనిమిది రోజులూ పండగే. పగలు హరికథ, రాత్రి నాటకం, చివర్న దుర్యోధన వధ. వెనకటికి కథ చెప్పేవాళ్ళని మైకు కర్రకు కట్టేసినట్టుండేది. చిడతలు వాయిస్తూ నాలుగడుగులు పక్కకు వేస్తే చాలు, వెనక చాపల మీద కూర్చున్న అవ్వలకు మాట అందేది కాదు. తీగలేని మైకు వచ్చి ఆ బాధ తీర్చింది. అయితే దాన్ని తయారుచేసిన మహానుభావుడికి చీర సంగతి తెలీదు! ప్యాంటు బెల్టుకు తగిలించే డబ్బీ అది. కథ చెప్పే ఆడవాళ్ళు వడ్డాణానికో, నడుముకు చుట్టిన గుడ్డకో తగిలించుకోవాలి. మెళ్ళో గొలుసు దానికి తగిలిందా, ద్రౌపది మాటకన్నా ఆ గలగలే ముందు వినిపిస్తుంది.

ఆ డబ్బీ నిజానికి ఓ బుల్లి రేడియో స్టేషను. గొంతును తరంగంగా మార్చి వేదిక పక్కనున్న పెట్టెకు పంపుతుంది. ఆ తరంగానికో దారి, ఆ దారికో అంకె ఉంటాయి. చాలా ఏళ్ళపాటు ఈ మైకులు టీవీ చానళ్ళ మధ్య ఖాళీ దారుల్లో నడిచాయి, మడి మనది కాకపోయినా గెనిమ మీద నాలుగు కంది మొక్కలు వేసుకున్నట్టు. సెల్‌ఫోన్లు పెరిగాక ప్రభుత్వాలు మళ్ళను వేలం వేశాయి. గెనిమ మీది కందీ పోయింది.

అమెరికాలో 2010 జూన్ 12 తర్వాత 700 మెగాహెర్ట్జ్ దారిలో మైకులు వాడకూడదన్నారు. 600 దారికి మారినవాళ్ళకు ఆ సుఖమూ దక్కలేదు. 2017 వేలంలో అందులోనూ చాలా భాగం పోయింది. 2020 జూలై 13 కల్లా ఖాళీ చేయమన్నారు. గుళ్ళూ, బళ్ళూ, నాటకాలవాళ్ళూ మళ్ళీ కొత్తవి కొనుక్కోవలసి వచ్చింది. ఇంగ్లండులో మాత్రం ఇలా దారి మారినవాళ్ళకు ప్రభుత్వం కొంత సొమ్ము ఇచ్చింది.

అక్కడ చెల్లనిది ఎక్కడికి వస్తుందంటారు? మనింటికే! డల్లాస్ నుంచి వచ్చిన మా బంధువులబ్బాయి ఓ పెట్టె నా చేతిలో పెట్టి, "అత్తా, మన గుడికిద్దాం, బంగారంలాంటి మైకు" అన్నాడు. వెనక చీటీ చూస్తే ఏడువందల పైచిలుకు అంకె! మన దేశంలో 2016లో, 2021లో ఆ దారిని వేలానికి పెడితే కొన్న నాథుడు లేడు. 2022లో జియో కొన్నది, ఆ అక్టోబరు 1న 5జీ మొదలైంది. అంటే ఇక్కడా అది ఒకరి పొలమే. పెట్టె అటకెక్కింది. అబ్బాయి చిన్నబుచ్చుకున్నాడు గానీ, నిండు సభలో కథ మధ్య గొంతు ఆగిపోవడంకన్నా అదే నయం కదా!

అందుకే చెప్తున్నా, గుడికో బడికో మైకు కొనేటప్పుడు రంగూ ధరే కాదు, ఏ అంకె మీద నడుస్తుందో అడగండి. 2.4 గిగాహెర్ట్జ్ దారికి 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు. కాకపోతే వైఫై, బ్లూటూత్ అన్నీ అక్కడే తిరుగుతుంటాయి, సంతరోజు బజారులాగా. కనక పెట్టెను వేదికకు దగ్గరగా, మధ్యలో అడ్డం లేకుండా పెట్టించండి. పాత తీగ మైకును పారేయకండి.

సెల్‌ఫోను వద్దని నేననను. పిల్లల గొంతు వినేది దాంట్లోనే కదా. కానీ వేలంపాటలో కోట్లవాళ్ళ మాటే వినిపిస్తుంది. ఓ కొత్త మైకు కొనాలంటే తను ఎన్ని కథలు చెప్పాలో లెక్కేసుకునే మనిషి మాట అక్కడ ఎవరికి వినబడుతుంది? అమెరికావాళ్ళు అంతా అమ్మేశాక కూడా మైకులకని సన్నటి పట్టీ ఒకటి విడిచిపెట్టారు. ఊరన్నాక పశువులు నిలవడానికి మందబయలు వదిలినవాళ్ళం మనం. గొంతులు నిలవడానికి గాలిలో బెత్తెడు జాగా వదల్లేమా?