నల్లపాడులో కర్రసాము సాధన

కర్రసాము తెలుగు పల్లెల్లో తరాలుగా నడుస్తున్న ఆయుధ విద్య. ఆయుధం వెదురు కర్ర. పట్టేవారి ఎత్తుకు సరిపడా ఉంటుంది. కణుపులు దగ్గర దగ్గరగా ఉన్న గట్టి వెదురే దీనికి పనికొస్తుంది. ఊళ్లలో తాలింఖానాలు (వ్యాయామశాలలు) నడిచిన రోజుల్లో కుస్తీతో, కత్తిసాముతో పాటు దీన్నీ నేర్పేవారు. దసరాకూ పీర్ల పండక్కీ ఊరేగింపు ముందు కుర్రాళ్లు కర్ర తిప్పుకుంటూ నడిచేవారు. ఇవాళ ఎక్కువ మందికి తెలిసింది ఈ ఊరేగింపు కర్రసామే. కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి జరిగే బన్ని ఉత్సవం సంగతి వేరు. అక్కడ ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడతాయి, తలలు పగులుతాయి. ఆ కొట్లాటను కర్రసాముతో కలిపి మాట్లాడటం విద్యకు అన్యాయం.

నల్లపాడు గుంటూరును ఆనుకొని ఉన్న రైల్వే జంక్షన్. నంద్యాల వైపు వెళ్లే లైనూ, నడికుడి మీదుగా పగిడిపల్లి వెళ్లే లైనూ ఇక్కడే విడిపోతాయి. మేము చూసిన సాధన ఊరి అంచున ఉన్న ఖాళీ స్థలంలో సాయంత్రం పూట జరుగుతుంది. చుట్టూ నల్లరేగడి. వాన పడితే కాలు దిగబడుతుంది కాబట్టి గ్రావెల్ తోలించి చదును చేశారు. కర్రసాములో సగం పని పాదాలదే కనుక నేల బాగుండటం ముఖ్యం.

కొత్తగా చేరినవారి చేతికి వెంటనే కర్ర ఇవ్వరు. ముందు అడుగులు: ముందుకు, వెనక్కు, పక్కకు, ఆపైన ఒక కాలి మీద తిరిగి నాలుగు దిక్కులకూ మళ్లడం. తర్వాత మణికట్టు. కర్రను ఒక చేత్తో, ఆపైన రెండు చేతులతో, ఒంటికి కుడిపక్కన, ఎడమపక్కన, తల మీద, వీపు వెనక తిప్పిస్తారు. భుజం బిగిస్తే వేగం రాదు. "భుజం వదులు, చెయ్యి తిరగనీ" అని మాస్టారు పదేపదే చెప్పేది అందుకే. పొడవు కర్ర బలమంతా దూరంలో ఉంది. చుట్టూ నలుగురున్నా దగ్గరికి రానివ్వదు. ఎదుటివాడు లోపలికి చొరబడ్డాడా, ఆ పొడవే అడ్డమవుతుంది.

ఆ లోపలి దూరాన్నే తన రంగంగా చేసుకున్న విద్య ఫిలిప్పీన్స్ కర్రపోరు. దాన్ని లుజాన్‌లో ఆర్నిస్ అనీ, సెబూ ప్రాంతంలో ఎస్క్రిమా అనీ, అమెరికాలో ఎక్కువగా కాలి అనీ పిలుస్తారు. కర్ర పొడవు సుమారు 28 అంగుళాలు, చేసేది పేముతో. వెదురు పగిలితే పదునైన పేళ్లు లేస్తాయి. పేము పీచులా రేగుతుందే తప్ప అంత ప్రమాదం చేయదు. ఒక చేత్తో కొడుతూ, ఖాళీ చేత్తో ఎదుటివాడి చేతిని ఆపడం, పట్టడం, కర్ర ఊడలాగడం అందులో ప్రధానం. దెబ్బలను దిశను బట్టి అంకెలతో గుర్తిస్తారు. చాలా శాఖల్లో ఇవి 12. గురువు అంకె చెబితే ఇద్దరు శిష్యుల్లో ఒకరు కొడతారు, ఇంకొకరు కాస్తారు. రెండు కర్రలతో జంటగా చేసే సినవాలి సాధన కూడా ఇద్దరి లయ మీదే నడుస్తుంది.

ఈ విద్య అక్కడ నిలబడటానికి సంస్థలు కారణం. సెబూలో 1932లో దోసే పారేస్ సంఘం ఏర్పడింది. 1952లో వెనాన్సియో బేకన్ బాలింతవాక్ శాఖను మొదలుపెట్టాడు. రెమీ ప్రెసాస్ పాఠశాలలకు తగ్గట్టు మోడర్న్ ఆర్నిస్‌ను తీర్చిదిద్దాడు. బ్రూస్ లీ శిష్యుడు డాన్ ఇనోసాంటో ద్వారా ఈ కర్రపోరు లీ చిత్రాల్లోకీ చేరింది. 2009 డిసెంబరులో రిపబ్లిక్ చట్టం 9850 ఆర్నిస్‌ను జాతీయ యుద్ధవిద్యగా, జాతీయ క్రీడగా ప్రకటించింది. 2019 ఆగ్నేయాసియా క్రీడల్లో దాని పోటీలు ఒంటరి విన్యాసాలకూ, మెత్త చుట్టిన కర్రతోనూ మామూలు కర్రతోనూ చేసే పోరుకూ విడివిడిగా జరిగాయి. మన దేశంలో 2020లో క్రీడా మంత్రిత్వ శాఖ గత్కా, కలరిపయట్టు, థాంగ్-తా, మల్లఖంబలను ఖేలో ఇండియా యువజన క్రీడల్లో చేర్చడానికి ఆమోదించింది. ఆ నాలుగింటిలో కర్రసాము లేదు.

నల్లపాడు సాధనలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది చివర్లో వచ్చే జంట సాధన. ఒకరు తలకు కొడితే ఇంకొకరు కర్రను అడ్డంగా ఎత్తి కాస్తారు; మోకాలికి కొడితే కర్ర నిలువుగా దించి, కాలు వెనక్కు తీస్తారు. తిప్పుడు ఎందుకు నేర్చుకున్నామో పిల్లలకు అర్థమయ్యేది ఇక్కడే. అయితే ప్రదర్శనల తయారీ ముందు దీనికి దక్కే సమయం తక్కువ. ఇది పెరగాలి. తలకు హెల్మెట్, వేళ్లకు గట్టి తొడుగు, కర్ర చివరలకు రబ్బరు ఉంటే చిన్నపిల్లలూ భయం లేకుండా ఎదురెదురుగా నిలబడగలరు. ఏ దెబ్బకు ఏ కాపో వరుసగా రాసిపెట్టుకుంటే మాస్టారు లేని రోజున కూడా పెద్ద పిల్లలు చిన్నవాళ్లచేత అదే క్రమంలో చేయించగలుగుతారు.