బొంత పరచిన బండిలో భూపాలపల్లికి

గృహాలంకారమనగా ఇంటి గోడలకును వాకిటి ముగ్గునకును మాత్రమే చెందినదని మనలో పలువురు తలంతుము. కాని దినమంతయు ప్రయాణము చేయవలసి వచ్చినపుడు మనము కూర్చుండు బండియే మనకు ఇల్లు. ఆ యింటిని స్వల్పవ్యయముతో ఎట్లు తీర్చిదిద్దుకొనవచ్చునో, గడచిన మాఘమాసమున జనగామ నుండి మహబూబాబాదు మీదుగా భూపాలపల్లికి పోయినపుడు మాకు తెలిసివచ్చినది. ఆ సంగతులను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మావారు చేతులు మారిన పాత కారు నొకదానిని కొనిరి. యంత్రము బాగుగనే యున్నది గాని లోపలి రూపు చూచుటకు మనసొప్పలేదు. ఆసనముల రెక్సిను చినిగి లోని స్పాంజి పైకి వచ్చినది. పైకప్పు గుడ్డ యొకమూల జారి వ్రేలాడుచుండెను. ఎప్పటిదో పొగాకు వాసన తలుపు తీయగానే ముక్కుకు తగులుచుండెను. మా ఆడబిడ్డ భూపాలపల్లిలో కాపురమున్నది. మామగారు గతించిన పిమ్మట, నడుమునొప్పి వలన, అత్తగారు కూతురింటికి ఒక్కమారైనను పోలేదు. ఆమెను తీసికొనిపోవుటకే ఈ కారు కొన్నది. ఆమె మాత్రము లోపలికి తొంగిచూచి, "ఈ డబ్బాల నేనెక్కను బిడ్డా. బస్సుల పడ్డ నొప్పి చాలు" అని మరలిపోయిరి.

కొత్త తొడుగులకు దుకాణమువారు చెప్పిన వెల బడిజీతమునకు అందునది కాదు. కావున మా చేతులనే నమ్ముకొంటిమి. మొదట తలుపులన్నియు తెరచి రెండు దినములు ఎండ తగులనిచ్చితిమి. ఆసనములపై వంటసోడా చల్లి, రాత్రియంతయు ఉంచి, ఉదయమున దులిపితిమి. సబ్బునీట పిండిన గుడ్డతో తుడిచితిమి. జారిన గుడ్డను జిగురుతో అంటించితిమి. వాసన చాలవరకు పోయినది.

తరువాత ఆసనముల ఆకృతిని పాత వార్తాపత్రికలపై గీసికొని కత్తిరించుచుండగా అత్తగారు చూచిరి. ఏమియు అనకయే లోపలికి పోయి పెట్టె తెరచి, మామగారి పంచెలు నాలుగును, తమ నూలుచీరలు రెండును తెచ్చి మా ముందర పెట్టిరి. ఆ పంచెలను ఆమె అంతవరకు ఎవరిని ముట్టనీయలేదు. "బొంత కుట్టుదాం. మెత్తగుంటది" అనిరి. గుడ్డలు మూడు పొరలుగా పరచి, అంచు నుండి అంచునకు పరుగుకుట్టు వేయుచు, వారము దినములలో ఇద్దరమును ఆసనములకు సరిపడు బొంతలు కుట్టితిమి. రెక్సిను ఎండకు కాగి వీపును మాడ్చును. నూలుగుడ్డ చెమట పీల్చి చల్లగా నుండును. బొంతలు జారకుండ నాలుగు మూలల నాడాలు కుట్టి వెనుకకు కట్టితిమి. సీటు బెల్టు కొక్కెములు మూసుకొనిపోకుండ ఆ చోట్ల సందులు విడిచితిమి. మిగిలిన గోనెగుడ్డతో నాలుగు అరల సంచి కుట్టి, ముందరి ఆసనము వెనుక వ్రేలాడదీసితిమి. నీళ్లసీసా, మందులు, దువ్వెన, విసనకర్ర అందులో ఇమిడినవి.

ప్రయాణమునకు ముందు ఆదివారము జనగామకు సమీపముననున్న పెంబర్తికి పోయితిమి. అచ్చటి ఇత్తడి రేకుపని కాకతీయుల కాలము నుండి వచ్చుచున్నదందురు. దేవాలయములకును రథములకును రేకు తొడుగులు చేసినవారు ఈ విశ్వకర్మలే. బండికి అలంకారము మన ప్రాంతమున కొత్తదా! రేకును కాచి మెత్తబరచి, లక్కపై నుంచి, ఉలితో వెనుక నుండి కొట్టి పూవును ఉబ్బించు విధమును కన్నులార చూచితిమి. పెంబర్తి పనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. మేము చిన్న గంట నొకదానిని కొని, ముందరి అద్దమునకు వ్రేలాడదీయబోగా మావారు వారించిరి. ఊగుచున్న వస్తువు దారిపై చూపును చెదరగొట్టుననియు, బండి గుద్దుకొన్నచో ఎగిరి తగులుననియు చెప్పిరి. గంట మా దేవునిగూటికి చేరినది.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడును పూర్వము వరంగల్లు జిల్లాలోనివే. 2016లో వేర్వేరు జిల్లాలకు కేంద్రములైనవి. తెల్లవారుజామున బయలుదేరితిమి. అత్తగారు బొంతను చేత తడవి చూచుకొని, మారుమాట లేక ఎక్కి కూర్చుండిరి. సోమనాథకవి పేరు తలపించు పాలకుర్తి దాటి, తొర్రూరు మీదుగా పోవుచు, పెద్దలు నేటికిని మానుకోట యని పిలుచు మహబూబాబాదును సమీపించితిమి. కళ్లములలో ఎండబోసిన మిరపకాయలతో నేల యెర్రబారి యుండెను. ఆ ఘాటునకు అందరమును తుమ్మితిమి. గోనెసంచిలోని తడిగుడ్డ అపుడు అక్కరకు వచ్చినది.

ఊరి దాపున చెట్టునీడను లంబాడా స్త్రీ యొకతె అద్దాల కుట్టుపని చేయుచుండెను. అత్తగారు "చెల్లె, నాకొకటియ్యవా" అని యడిగి, జానెడు గుడ్డముక్కను తామే రొక్కమిచ్చి కొనిరి. మేము దానిని మురిపెముతో ముందరి పలకపై పరచితిమి. పది నిమిషములు గడవకముందే ఎండ ఆ యద్దములపై బడి మెరుపులై మావారి కన్నులకు కొట్టెను. బండి ఒక్క క్షణము దారి తొలగి మట్టిలోనికి దిగి నిలిచినది. ఎవరికిని ఏమియు కాలేదు గాని మా గుండెలు చాలసేపు దడదడలాడినవి. అద్దాల గుడ్డను తీసి వెనుక ఆసనము వీపునకు కుట్టితిమి. అందము చోటెరిగి యుండవలెనను మాట ఆనాడు భయముతో నేర్చుకొంటిమి.

నర్సంపేట, ములుగు దాటి గణపురము చేరి కోటగుళ్లను దర్శించితిమి. కాకతీయుల కాలమున పదుమూడవ శతాబ్దిలో కట్టిన ఆలయసముదాయమిది. ఒకే ప్రాకారములో పెద్దగుడి చుట్టును చిన్నగుళ్లు, మొత్తము 22 గుళ్లని చెప్పుదురు. శిథిలమైనను శిల్పములింకను కన్నులపండువుగనే యున్నవి.

అచ్చటినుండి భూపాలపల్లి దగ్గర. సింగరేణి బొగ్గుగనుల ఊరు గనుక దారిపొడవున లారీలే. టీకొట్టువద్ద ఒక లారీచోదకుడు అత్తగారి కుతూహలము చూచి తన గది తలుపు తెరచెను. తలపై దేవుని పటము, వెనుక గోడకు పూలతెర, మూలను బిడ్డల ఛాయాచిత్రము. ముందరి అద్దము మాత్రము నిర్మలముగా నుండెను. నిమ్మకాయ, మిరపకాయల దండ వెలుపల కట్టబడియుండెను. నెలకు ఇరువది దినములు దారిలో గడుపువాని కది నిజముగా ఇల్లే.

సాయంకాలమునకు ఆడబిడ్డ యింటిముందు బండి ఆగినది. ఆమె పరుగున వచ్చి తల్లిని దింపబోయి, తలుపు పట్టుకొని నిలిచిపోయెను. బొంతపైనున్న ఆకుపచ్చ అంచును వ్రేలితో తడవి, "నాయిన పంచె గదే అమ్మా" అని, మమ్ములను లోనికి రమ్మనుటకు మారుగా తానే కారులో తల్లిప్రక్కన కూర్చుండెను. మేము సామానులు దించుకొంటిమి. తల్లీకూతుండ్రు దీపములవేళ వరకు అందులోనే మాటలాడుకొనిరి.

మాకైన వ్యయము దారము, నాడాలు, జిగురు, సోడా, అన్నియు కలిపి 400 రూపాయలు దాటలేదు. ఈ పనికి పూనుకొను సోదరీమణులకు కొన్ని మాటలు. చోదకుని పాదముల యొద్ద జారెడు చాపలు పరువరాదు. అవి బ్రేకు క్రింద చిక్కుకొనును. ఆసనము ప్రక్కలనుండి గాలిసంచులు తెరచుకొను కొత్తకార్లలో ఆ ప్రక్కలను బొంతతో కప్పరాదు. అద్దములకు నల్లపొరలు అంటింపరాదు. సుప్రీంకోర్టు 2012లోనే వానిని నిషేధించినది. మెత్తదనమెంత కూర్చినను సీటు బెల్టు మానరాదు.

తిరుగుప్రయాణమున అత్తగారు నడుమునొప్పి యనలేదు. ఇల్లు చేరగానే పెట్టె తెరచి మరియొక చీర తీసి, "ముందటి సీటుకు పలుచగున్నది బిడ్డా. మళ్ల పోయేలోపల ఇంకో పొర వేద్దాం" అనిరి.