కుండ చెమట, గ్లాసు చెమట

సైన్సు పుస్తకం తెరవక ముందే పిల్లల తలలో కొంత సైన్సు ఉంటుంది. దాని గురించి రాస్తున్నాను.

మాది నగరి దగ్గర యానాది కాలనీ. మా ఇంట్లో మొదట బడికి వచ్చింది నేనే. ఇంట్లో పుస్తకాలు లేవు గానీ నీళ్ల కుండ ఉంది. ఎండాకాలం దాని పైన తడి పడుతుంది. "లోపలి నీళ్లు ఊరి బయటికొస్తాయి, అందుకే సల్లగుంటాయి" అంటుంది మా అవ్వ. అది నిజమే. మట్టి కుండకు కంటికి కనపడని సన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలో నుండి ఊరిన నీరు ఆవిరి అవుతూ కుండలోని వేడిని తీసుకుపోతుంది.

పోయిన వారం హాస్టల్లో మూడో తరగతి పిల్లలను ఒక ప్రశ్న అడిగినాను. స్టీలు గ్లాసులో ఐసునీళ్లు పోస్తే బయట తడి యాడనించి వస్తాది? "లోపలినించే అక్కా, కుండకు మాదిరి" అన్నారు. పెద్ద పిల్లలు కొందరు నవ్వినారు. నవ్వేదానికి ఏముంది? వాళ్లు చూసినదాన్ని బట్టి ఆలోచించి చెప్పినారు.

ఐసునీళ్లలో ఎర్ర సిరా కలిపినాము. గ్లాసు బయట తడిని తెల్లగుడ్డతో తుడిచినాము. గుడ్డకు ఎరుపు అంటలేదు. అందరూ గమ్మునైపోయినారు. అప్పుడు ఒక పాప, "అక్కా, చలికాలం తెల్లారి గడ్డి మీద మంచు ఉంటాది గదా, అదెవరూ పోయలేదు. ఇది గూడ గాలిలోనించే వచ్చిందా?" అని అడిగింది. ఆ పాప ఇంకా ఆ పాఠం చదవలేదు. చేను గట్ల మీద నడిచి చూసింది.

మా సైన్సు టీచరు ఒక సంగతి చెప్పారు. సమరపుంగవన్, వోస్నియాడౌ, బ్రూవర్ అనే ముగ్గురు హైదరాబాదు చిన్నపిల్లలను భూమి గురించి అడిగారు. ఆ పరిశోధన 1996లో అచ్చయింది. భూమి నీళ్ల మీద నిలిచి ఉందని చాలామంది చెప్పారట. బడిలో విన్నదాన్ని, ఇంట్లో పెద్దలు చెప్పినదాన్ని కలిపి వాళ్ల భూమిని వాళ్లే తయారు చేసుకున్నారు.

నవ్వితే పిల్లలు నోరు మూసుకుంటారు. పరీక్షలో పుస్తకం జవాబు రాసి, మనసులో పాతదే ఉంచుకుంటారు. మా వంటి ఇండ్లలో పాఠం అడిగేదానికి ఎవరూ ఉండరు. బడిలో కూడా అడగలేకపోతే ఇంకెక్కడ అడగాలి? కొందరు ఆ సిగ్గుతోనే బడి మానేస్తారు.

కాబట్టి అక్కలారా, చిన్నపిల్లలు ఏమి చెప్పినా ముందు "ఎందుకట్ల అనుకుంటివి?" అని అడగండి. వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి. తరువాత గ్లాసు తెచ్చి చూపించండి.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని